మరమనిషికి మాట చెప్పుట యెట్లు?

ఈ పత్రికను చేత బట్టినవారికి "కార్యక్రమము" అను మాట కొత్తది కాదు. ఏ గంటకు వార్తలు, ఏ గంటకు సంగీతము, ఏ గంటకు నాటకము అను వరుసను ముందుగా వ్రాసి యుంచుటయే కార్యక్రమము. కంప్యూటరు విద్యలో "ప్రోగ్రాము" అనునదియు అట్టిదే. మొదట ఏమి చేయవలెను, తరువాత ఏమి చేయవలెను, ఏ పనిని ఎన్ని మారులు చేయవలెను, ఏ సందర్భమున మానవలెను అని యంత్రమునకు ముందుగా వ్రాసి యిచ్చు వరుసకే ప్రోగ్రాము అని పేరు. ఇంట పిల్లలు ఆడుకొను ఒక చిన్న రోబోకు అట్టి వరుసను వ్రాతలో చెప్పుట యెట్లో, ఆ పనికి ఎచట మొదలు పెట్టవలెనో ఈ ప్రసంగమున వివరింతును.

హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపూరు, రాయదుర్గము, గచ్చిబౌలి ప్రాంతములను చూచినవారికి ఈ విషయము సహజముగనే తోచును. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. ఆ సంవత్సరమే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థ వెలసినది. అందు రోబోల విషయమై పరిశోధన చేయు కేంద్రము కూడ కలదు. 2015లో ఆ సంస్థ ఆవరణముననే టీ-హబ్ ఆరంభమై, 2022లో రాయదుర్గమునందు స్వంత భవనమునకు మారినది. దాని చెంతనే 2023 మార్చి 2వ తేదీన టీ-వర్క్స్ అను మరియొక సంస్థ తలుపులు తెరచినది. కొత్త వస్తువును ఊహించినవాడు దాని తొలి నమూనాను తయారు చేసికొనుటకు వలయు కోతయంత్రములు, ముద్రణ యంత్రములు, విద్యుత్పరికరములు అందు గలవు. దాని వైశాల్యము సుమారు 78,000 చదరపు అడుగులు.

ఇన్ని సంస్థలు కన్నులయెదుట నుండగా, ఆ అద్దాల మేడల నీడలోని ఇండ్లలో పెరుగు పిల్లలలో పెక్కుమంది వానిని దూరము నుండి చూచుటయే గాని, ఆ విద్యలో తొలి అక్షరమును దిద్దరు. "అది ఇంజనీర్ల పని" అని కొందరందురు. "మాకు ఇంగ్లీషు రాదు" అని మరికొందరందురు. ఈ రెండు మాటలును పూర్తిగా నిజము కావని చెప్పుటయే నా ఉద్దేశము.

ముందు రోబో యనగానేమో చూతము. ఈ మాట పుట్టి నూరేండ్లు దాటినది. 1920లో చెకొస్లొవేకియా రచయిత కారెల్ చాపెక్ ఒక నాటకమునందు దీనిని తొలుత వాడెను. వారి భాషలో "రోబోటా" అనగా వెట్టిచాకిరి. తెలంగాణమున వెట్టి యనగానేమో పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. పెద్దపెద్ద కర్మాగారములలో ఇనుప చేతులు చాచి పనిచేయు రోబోల సంగతి అటుండనిండు. పిల్లల రోబోకు మూడు భాగములున్న చాలును: చుట్టుపట్ల ఏమున్నదో కనుగొను ఇంద్రియము, ఏమి చేయవలెనో నిర్ణయించు బుద్ధి, ఆ నిర్ణయమును నెరవేర్చు కాళ్లు. ఇంద్రియమునకు సెన్సరు అని పేరు. బుద్ధి అరచేతిలో ఇముడు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలకయందుండును. కాళ్లకు బదులు రెండు మోటార్లు, రెండు చక్రములు, ముందు వైపున స్వేచ్ఛగా తిరుగు ఒక చిన్న చక్రము. ఇవి యన్నియు ఒక గట్టి అట్టముక్కపై అమరును.

ఇట్టి రోబోకు ఆజ్ఞలిచ్చుటకు రెండు పద్ధతులు కలవు. మొదటిది బొమ్మల పద్ధతి. కంప్యూటరు తెరమీద రంగురంగుల పలకలుండును. ఒక్కొక్కదానిపై "ముందుకు", "ఆగుము", "10 మారులు" వంటి ఆజ్ఞ యుండును. పిల్లలు వానిని ఒకదాని క్రింద నొకటి అతికించిన చాలును. అమెరికాలోని ఎమ్.ఐ.టి. విద్యాసంస్థ 2007లో లోకమునకు విడుదల చేసిన స్క్రాచ్ ఇట్టిదే. రెండవది వ్రాత పద్ధతి. ఇందు బొమ్మలుండవు, ఆజ్ఞలను అక్షరములలో వరుసగా వ్రాయవలెను. బొమ్మలతో ఆడి తేరిన పిల్లవాడు వ్రాతకు వచ్చుసరికి బెదరును. తెల్లని తెర, మినుకుమను గీత, ఒక అక్షరము తప్పినను ఎర్రని హెచ్చరిక! బొమ్మలతో పని జరుగుచుండగా ఈ కష్టమెందులకని అడుగుటయు సహజమే.

దీనికి సమాధానము మన వాకిటనే కలదు. ముగ్గును నేర్చుటకును రెండు దారులున్నవి. బొమ్మను చూచి గీయుట యొకటి. ఇక రెండవది, పొరుగింటి అమ్మగారు గోడమీదుగా చెప్పు ఒక్క మాట: "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు." నడుమ వరుసలో 15 చుక్కలు పెట్టి, పైకొక వరుస, క్రిందికొక వరుసగా ఒక్కొక్క చుక్కను తగ్గించుచు, రెండు సందుల నడుమ చుక్క పడునట్లు, ఎనిమిది వచ్చువరకు సాగవలెనని దాని భావము. లెక్కించి చూచినచో 15 వరుసలలో 169 చుక్కలగును. ఆ నూట అరువదితొమ్మిది చుక్కలును ఒక్క చిన్న వాక్యమున ఇమిడిపోయినవి. సంక్రాంతికి పెద్ద ముగ్గు కావలెనన్నచో కొత్త బొమ్మ అక్కరలేదు. "ఇరువదియొకటి, పదకొండు వరకు" అని రెండు అంకెలు మార్చిన చాలును. 331 చుక్కల ముగ్గు సిద్ధమగును.

వ్రాతలోని బలమిదియే. కొద్ది మాటలలో పెద్ద పని ఇముడును. ఒక అంకె మార్చినంతనే పని యంతయు మారును. దానిని మరియొకరికి చదివి వినిపింపవచ్చును, దిద్దవచ్చును, దాచి యుంచవచ్చును. ఇది నేను కల్పించి చెప్పు పోలిక మాత్రమే కాదు. 1974లోనే మద్రాసు పండితులు గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనువారు ముగ్గులకు గల వ్యాకరణమును కంప్యూటరు శాస్త్రపు దృష్టితో పరిశీలించి ప్రకటించిరి. కావున మన తల్లులు ఆ పేరు తెలియకయే తరతరములుగా ప్రోగ్రాములు చెప్పుకొనుచున్నారని అనవచ్చును.

ఇక ఏ భాషలో వ్రాయవలెను? యంత్రములకు చెప్పు భాషలు వందలకొలదిగా గలవు. తొలిసారి నేర్చువారికి పైథాను భాష అనుకూలమైనది. దీనిని నెదర్లాండ్సు దేశస్థుడు గీడో వాన్ రోసమ్ 1991లో లోకమునకు విడుదల చేసెను. పైథాను అనగా కొండచిలువ యని తోచును గాని, ఆ పేరు వచ్చినది బి.బి.సి. వారి ఒక హాస్య కార్యక్రమమునుండి!

ఈ భాషలో ముందే అర్థము స్థిరపరచి యుంచిన మాటలు 35 మాత్రమే. వానిలో తొలి నెలలో వాడునవి పదియైనను ఉండవు. "ఇఫ్" అనగా ఒకవేళ. "ఎల్స్" అనగా లేనిచో. "వైల్" అనగా ఉన్నంతవరకు. "ఫర్" అనగా ఒక్కొక్కదానికి. "డెఫ్" అనగా ఒక కొత్త ఆజ్ఞకు పేరు పెట్టుట. ఈ మాటలను ఆంగ్ల లిపిలో వ్రాయవలెను. ఇచట చదువరుల సౌకర్యమునకై తెలుగులో ఇచ్చుచున్నాను. తక్కిన పేర్లన్నియు మనము పెట్టుకొనునవే. 2008లో వచ్చిన మూడవ పైథాను మొదలు ఆ పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయుటకును వీలు కలిగినది. రోబో పలకలపై మాత్రము ఆంగ్ల లిపిలో వ్రాయుట మేలు. ఐనను మాట తెలుగు మాటయే కావచ్చును. "దూరము", "వేగము", "ఆగుము" అను పేర్లను ఆంగ్లాక్షరములలో వ్రాసినచో యంత్రమునకు అభ్యంతరమేమియు లేదు. దానికి పేరు యొక్క అర్థముతో పని లేదు. మొదట ఎట్లు వ్రాసితిమో చివర వరకు అట్లే వ్రాయుటయే దానికి కావలెను.

మూడు నియమములు మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది: ఆంగ్లములోని పెద్ద అక్షరము, చిన్న అక్షరము ఈ భాషకు వేర్వేరు. రెండవది: "ఇఫ్", "వైల్" వంటి మాటలతో మొదలగు పంక్తి చివర రెండు చుక్కలు, అనగా కోలన్ గుర్తు, ఉంచవలెను. మూడవది మిక్కిలి ముఖ్యమైనది: ఆ పంక్తికి లోబడిన ఆజ్ఞలను క్రింద నాలుగు ఖాళీలు విడిచి, లోపలికి జరిపి వ్రాయవలెను. కుడివైపునకు జరిగిన పంక్తులన్నియు పై పంక్తి కాపురములోనివి. ఎడమ అంచునకు వచ్చిన పంక్తి వేరు కాపురము. పైథానులో ఈ ఖాళీ అలంకారము కాదు, వ్యాకరణము.

రోబో కొనకముందే, కంప్యూటరు తెరపై ఒక తాబేలుతో అభ్యాసము చేయవచ్చును. 1967లో వాలీ ఫుర్జిగ్, సీమూర్ పేపర్ట్, సింథియా సాలమన్ మొదలగువారు పిల్లలకొరకు లోగో అను భాషను నిర్మించిరి. తరువాత కొలది యేండ్లకే దానితో నేలపై ప్రాకు యాంత్రిక తాబేలును నడిపించిరి. ఆ తాబేలే నేడు పైథానులో "టర్టిల్" అను పేర తెరపై నడచుచున్నది; దీనికి వెల లేదు. "ముందుకు 100, కుడికి 90" అను జంటను నాలుగు మారులు చేయుమన్నచో చతురస్రము గీయును. ఇక త్రికోణము గీయుమని పిల్లలకు చెప్పి చూడుడు. పెక్కుమంది "కుడికి 60" అని వ్రాయుదురు, త్రికోణపు లోపలి కోణము 60 కావున. కాని తాబేలు గీత వెంట నడచుచు తిరుగవలసినది బయటి కోణము, 120. తాబేలు స్థానమున తామే నిలిచి, గదిలో నడచి, తిరిగి చూచిన పిల్లలకు ఇది వెంటనే బోధపడును. పుస్తకములోని కోణము పాదములలోనికి దిగును.

తెరపై అభ్యాసమైన పిమ్మట పలకను సంపాదింపవచ్చును. ఇందుకు రెండు విధములైన పలకలు ప్రసిద్ధములు. 2005లో ఇటలీ దేశమున పుట్టిన ఆర్డుయినో ఒకటి. రెండవది బి.బి.సి. వారి మైక్రోబిట్. రేడియో సంస్థకు ఈ పని యేల యని మీరు ఆశ్చర్యపడవచ్చును. ఆ సంస్థ 1981లోనే తన పేర ఒక కంప్యూటరును ఇండ్లకును, బడులకును ప్రవేశపెట్టినది. 2016లో బ్రిటనునందు 11, 12 ఏండ్ల పిల్లలకు సుమారు 10 లక్షల మైక్రోబిట్ పలకలను ఉచితముగా పంచుటకు పూనుకొనినది. విని ఊరుకొనువారిని తయారు చేయువారిగా మార్పవలెనని దాని సంకల్పము. ఈ పలకపై 25 చిన్న దీపములు, రెండు మీటలు, వంపును గుర్తించు సాధనము, మరి ఒక పలకనుండి ఇంకొక పలకకు మాట పంపు చిన్న రేడియో కూడ గలవు. దీనికై ఏర్పడిన మేక్‌కోడ్ అను సాధనములో బొమ్మలతో కూర్చిన ప్రోగ్రామును ఒక మీట నొక్కి పైథాను వ్రాతగా చూడవచ్చును. బొమ్మలనుండి వ్రాతకు దాటువారికి ఇది మంచి వంతెన.

తక్కిన భాగములు కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణములలో దొరకును. ఒకనాడు రేడియోలు విప్పి బిగించు కుర్రవారు వెదకుకొనుచు పోయిన వీథుల వంటివే ఇవి. కొనునప్పుడు ఒక వస్తువును మరువరాదు: మోటారు డ్రైవరు. పలక బుద్ధి చెప్పగలదు గాని బరువు మోయలేదు. ఆర్డుయినో ఊనో పలకలో ఒక్కొక్క కాలి నుండి 20 మిల్లీ ఆంపియర్లకు మించి విద్యుత్తు తీసికొనుట మంచిది కాదు. చిన్న మోటారుకైనను అంతకు ఎన్నో రెట్లు కావలెను. మోటారును నేరుగా పలకకు కలిపినచో పలక కాలిపోవచ్చును. డ్రైవరు ఈ రెండింటికిని నడుమ నిలిచి, పలక చెప్పిన మాటను బ్యాటరీ బలముతో మోటారుకు అందించును. మోటార్ల బ్యాటరీ యొక్క ఋణ తీగయు, పలక యొక్క గ్రౌండు తీగయు ఒకచోట కలిసి యుండవలెను. అట్లు కలుపకపోవుటచే "ప్రోగ్రాము సరిగనే యున్నది, రోబో కదలదు" అని కన్నీరు పెట్టుకొన్న పిల్లలను చూచితిని.

మొదటి రోజుననే రోబోను పరుగెత్తింపవలెనని తొందరపడరాదు. మొదటి దినమున ఒక దీపమును వెలిగించి ఆర్పుట. రెండవ దినమున ఒక చక్రమును త్రిప్పుట. మూడవ దినమున రెండు చక్రములను త్రిప్పుట. నాలుగవ దినమున కొలత. తెరపై తాబేలు "100" అన్నచో సరిగా 100 అడుగులు వేయును. నేలపై రోబో అట్లు కాదు. షాబాదు బండల గచ్చుపై ఒక తీరు, నున్నని టైల్సుపై ఒక తీరు, చాపపై మరియొక తీరు నడచును. బ్యాటరీ నీరసించినచో మెల్లగా నడచును. అందువలన ఒక సెకను నడిపి, స్కేలుతో కొలిచి, ఆ విధముగా మూడు మారులు చేసి సగటు తీయవలెను. సెకనుకు 24 సెంటీమీటర్లు వచ్చినదనుకొందము. ఒక మీటరు పోవుటకు 100ని 24తో భాగింపగా సుమారు 4.2 సెకనులు. భాగహారము ఇచట పరీక్షకొరకు కాదు, గోడను తప్పించుకొనుటకొరకు!

గోడను రోబో ఎట్లు గుర్తించును? చెవితో. అల్ట్రాసోనిక్ సెన్సరు అను సాధనము సెకనుకు 40,000 కంపనములు గల ధ్వనిని వెలువరించును. మన చెవికి 20,000 దాటినది వినబడదు గనుక ఇంట నిశ్శబ్దముగనే యుండును. ఆ ధ్వని గోడకు తాకి మరలివచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. గోడ 20 సెంటీమీటర్ల దూరముననున్నచో ధ్వని పోయి వచ్చు దారి 40 సెంటీమీటర్లు. దానికి పట్టునది సెకనులో వెయ్యవ వంతు కన్న కొంచెము ఎక్కువ. పోయి వచ్చిన దారి గనుక లెక్క చివర రెండుతో భాగించుట మరువరాదు. మెత్తని తెరలు, దిండ్లు ధ్వనిని మ్రింగివేయును గావున వానిని ఈ సాధనము సరిగా గుర్తింపలేదు.

ఇప్పుడొక చిన్న అనుభవము. మా యింట 8వ తరగతి చదువు మనుమరాలు కలదు. మేముండు అపార్టుమెంటు కాపలాదారు కుమారుడు దానికి ఈడువాడే. ప్రభుత్వ పాఠశాలలో చదువుచున్నాడు. ఇద్దరును కూడి ఒక సెలవు దినములలో రోబోను అమర్చిరి. బాలుడు తీగలు బిగించుటలో నేర్పరి. కాని కంప్యూటరు ముందు కూర్చుండుమన్నచో, "నాకు ఇంగ్లీష్ రాదు తాతా" అని వెనుకకు జరిగెడివాడు. వ్రాయుట యంతయు మనుమరాలిదే.

గోడ 20 సెంటీమీటర్ల లోపునకు వచ్చినచో ఆగి కుడికి తిరుగవలెను, లేనిచో ముందుకు పోవలెను అనునది వారు తలచిన పని. ప్రోగ్రాము సిద్ధమైనది. ఎర్రని హెచ్చరిక ఒక్కటియు రాలేదు. రోబోను నేలపై వదలిరి. అది తిన్నగా పోయి బీరువాకు ఢీకొని, అచటనే చక్రములు త్రిప్పుచుండెను. మరల వదలిరి, మరల బీరువా.

"తాతయ్యా, ఇది నా మాట వినడం లేదు!" అని మనుమరాలు ఉక్రోషపడినది.

"వింటున్నదమ్మా. నీవు చెప్పినదే వింటున్నది. నీవు అనుకున్నది దానికెట్లా తెలుస్తుంది?" అంటిని.

తప్పు ఎచటనున్నదో నేను చెప్పలేదు. వ్రాసిన పంక్తులను ఒక్కొక్కటిగా తెలుగులో చదివి, బాలుని రోబోవలె నడువుమంటిని. మనుమరాలు చదువుచుండగా వాడు గదిలో నడచెను. "దూరము కొలుచుము" అని చదివినది. వాడు తలయెత్తి బీరువాను చూచెను, చాలదూరము. "ఎప్పటికిని ఇట్లు చేయుచుండుము: దూరము 20 కన్న తక్కువైనచో ఆగుము, లేనిచో ముందుకు పొమ్ము" అని చదివినది. వాడు ముందుకు పోయెను, ఇంకను పోయెను, బీరువా ముందు నిలిచి మనుమరాలి వైపు తిరిగెను.

"ఒక్కసారే చూడమన్నవ్. మళ్ల చూడమని చెప్తలేవు కద!"

అదియే తప్పు. దూరమును కొలుచు పంక్తి "వైల్" అను మాటకు పైన, ఎడమ అంచున, ఉండిపోయినది. అందువలన రోబో బయలుదేరునప్పుడు ఒక్కమారు చూచి, ఆ అంకెనే నమ్ముకొని, కన్నులు మూసికొని నడచినది. ఆ పంక్తిని క్రిందికి దించి, నాలుగు ఖాళీలు లోపలికి జరుపగా ప్రోగ్రాము ఇట్లైనది:

వైల్ ట్రూ:
    దూరము = దూరము_కొలుచుము()
    ఇఫ్ దూరము < 20:
        ఆగుము()
        కుడికి_తిరుగుము()
    ఎల్స్:
        ముందుకు_పొమ్ము()

ఇందు "వైల్ ట్రూ" అనగా ఎప్పటికిని చేయుచుండుము అని అర్థము. "దూరము_కొలుచుము", "ఆగుము" మొదలగునవి "డెఫ్" అను మాటతో పిల్లలే ముందుగా వివరించి పేరు పెట్టుకొన్న ఆజ్ఞలు. రోబో ఈమారు బీరువాకు జానెడు దూరమున ఆగి, కుడికి తిరిగి, మంచము క్రిందికి పోయినది. ఆ దినము మొదలు ఆ బాలుడు తెర ముందు కూర్చుండుటకు వెనుదీయలేదు. వానికి లోపించినది ఆంగ్లము కాదు. ఆ విద్య తనది కాదను భయము వానికి అడ్డుపడినది.

ఈ అనుభవమునుండి నేర్చుకొనదగినవి కొన్ని గలవు. తప్పులు రెండు విధములు. అక్షరము తప్పినను, కోలన్ మరచినను యంత్రమే హెచ్చరించును. ఆ హెచ్చరిక తిట్టు కాదు, ఉత్తరము. అందు చివరి పంక్తిని ముందు చదువవలెను. తప్పు ఏ జాతిదో అచట ఉండును. తరువాత ఎన్నవ పంక్తియని చూడవలెను. ఆ పంక్తిలో ఏమియు కానరానిచో దాని పై పంక్తిని చూడవలెను. రెండవ విధమగు తప్పునకు హెచ్చరిక రాదు. వ్రాత వ్యాకరణశుద్ధముగనే యుండును, భావము మాత్రము వేరై పోవును. దీనికి మందు నడచి చూచుటయే: పంక్తిని చదువుట, చెప్పినది మాత్రమే చేయుట, తలచినది చేయకుండుట. ఒకేసారి ఒక్క మార్పు చేసి పరీక్షించుట, పనిచేసిన ప్రోగ్రామును వేరు పేరుతో దాచి యుంచుట అను అలవాట్లు కూడ మేలు చేయును.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. అడిగినంతనే ప్రోగ్రామును వ్రాసి యిచ్చు కృత్రిమ మేధ సాధనములు నేడు చేతి ఫోనులలోనికి వచ్చినవి. ఇక పిల్లలు ఇంత శ్రమపడుట యెందులకు? మైదాపిండిలో ఎంత నీరు పోయవలెనో పుస్తకము చెప్పగలదు. పిండి చేతికి అంటుచున్నదో లేదో చేయియే చెప్పవలెను. ఆ సాధనము వ్రాసి యిచ్చిన దానిలోను దూరమును ఒక్కమారే కొలుచు పంక్తి యుండవచ్చును. చదివి, నడచి, తప్పు పట్టగలవాడు ఇంట నొకడు ఉండవలెను గదా! వ్రాయించుకొనువాడైనను ఏమి కావలెనో నిస్సందేహముగా చెప్పగలిగి యుండవలెను. చెప్పినదానికిని తలచినదానికిని గల ఎడమును కనుగొనుటయే ఈ విద్యకు ప్రాణము. ఆ కన్ను యంత్రములు మారినను మాసిపోదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ విద్యకై వేలకొలది రుసుము చెల్లించి శిక్షణకు పంపుట యొక్కటే మార్గము కాదు. కేంద్ర ప్రభుత్వము 2016లో ఆరంభించిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు దేశమున 10,000 పాఠశాలలలో ఏర్పడినవి. 6వ తరగతి మొదలు 12వ తరగతి వరకు చదువు పిల్లలకై రోబో పరికరములు అందు గలవు. మీ పిల్లల బడిలో అట్టిది కలదేమో విచారింపుడు. ఉన్నచో దాని తలుపు తాళము తీసి యుండునట్లు చూడుడు. బడిలో లేనిచో ఇంట పాత కంప్యూటరు ఒకటి, తెరపై తాబేలు, దినమునకు అరగంట చాలును. పిల్లలకు దక్కవలసినది ఖరీదైన రోబో కాదు. తప్పు చేసి, దానిని తామే కనుగొను అవకాశము. రోబో బీరువాకు తగిలినప్పుడు "నీకు చేతకాదు" అనక, "ఏమని చెప్పితివో ఒకమారు చదువుము" అనుడు.

సాయంకాలము రేడియో ముందు ఇంటిల్లిపాది కూర్చుండునప్పుడు, ఆ మూలనున్న చిన్న బండిని ఒకమారు నేలపై వదలి చూడుడు. అమ్మమ్మగారిని పిలిచి, తన ముగ్గు లెక్కను తెరపై తాబేలుకు చెప్పుమనుడు. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు. వ్రాయు చేతులు మనుమలవి కానిండు. చెప్పు మాట మాత్రము ఆమెకు ఎన్నడో తెలిసినదే.